కోతల మావయ్య ఎనభై రెండు

యంత్రాల సంఘంలో ఆమెని అందరూ అంకెలమ్మ అని పిలిచేవాళ్ళు. పేరు విని ఎవరో పెద్దావిడ అనుకునేరు. ఇరవై ఏడేళ్ళ మనిషి. ఇంజన్ల చదువు చదివి, సంఘం షెడ్డులో రెండేళ్ళు మోచేతుల దాకా గ్రీజు పూసుకుని పని నేర్చుకుంది. ఆ తర్వాత సంఘంవాళ్ళు తమ పదకొండు కోత మిషన్లకీ తలా ఒక నల్లడబ్బా బిగించారు. ఆ డబ్బాలు పంపే అంకెలు చూస్తూ కూర్చోమని ఆమెకి ఒక బల్ల, కుర్చీ, తెర ఇచ్చారు. అప్పట్నుంచీ పేరు అలా అతుక్కుపోయింది.

డబ్బా చేసే పని పెద్ద చిత్రమైందేం కాదు. ఇంజనులోకి గాలి నెట్టే టర్బో, ఆ గాలిని ఎంత గట్టిగా నెడుతోందో కొలుస్తుంది. దాన్నిబట్టి ఇంజను ఎంత బలంగా లాగుతోందో వందకి లెక్కగట్టి ఆఫీసుకి పంపిస్తుంది. కొత్త ఇంజను దట్టమైన చేలో వంద దాకా చూపిస్తుంది. వాడగా వాడగా తొంభై అవుతుంది, ఎనభై అవుతుంది. కోత మధ్యలో డెబ్బై అయిదుకి కిందికొచ్చిందా, అంకె ఎర్రబడుతుంది. ఎర్రబడిన మిషన్ని మేనేజరు గారు ఆ పూటే షెడ్డుకి రప్పించేస్తారు. అక్కడ మూడు రోజులు. జబ్బు ఎంత చిన్నదైనా మూడు రోజులే. పండిన చేను ఎదురుచూస్తుంటే డ్రైవరు షెడ్డు అరుగు మీద చేతులు కట్టుకుని కూర్చోవాలి.

ఈ మేనేజరు గారికి డ్రైవర్లు చాటుగా పెట్టుకున్న పేరు రిపోర్టుగారు. ఆయన ఎదురుగా ఎవరైనా తుమ్మితే, ఎందుకు తుమ్మావో రిపోర్టు రాసివ్వమనే రకం.

ఏడో నంబరు మిషన్ నడిపేది అంకెలమ్మ సొంత మేనమామ, వాళ్ళమ్మకి తమ్ముడు. ఆయన్ని కోతల మావయ్య అని పిలవడానికి వృత్తి ఒక కారణమైతే, నోరు ఇంకో కారణం. చేలో ఎన్ని కోతలు కోసేవాడో, నలుగురిలో కూర్చుంటే అంతకి రెట్టింపు కోసేవాడు. "ఇంజను పక్కన నిలబడి చెవి పెట్టానంటే చాలు, దాని కడుపులో ఏముందో చెప్పేస్తా" అనేవాడు. నల్లడబ్బా బిగించిన రోజున ఆయనకి నిజంగానే ఒళ్ళు మండింది. "ఇరవై రెండేళ్ళుగా దీంతో కాపరం చేస్తున్నానే. దీనికి నలతగా ఉంటే నాకు తెలీదూ? ఎక్కడ్నుంచో ఓ పెట్టె వచ్చి నాకు చెప్పాలా?" అని మేనకోడలి మీద అరిచాడు.

పెట్టె నిజంగానే చెప్పింది. మొదటి నెలలోనే ఆయన అంకె డెబ్బై ఒకటికి జారి ఎర్రబడింది. మిషన్ షెడ్డుకెళ్ళింది. మావయ్య మూడు రోజులూ అరుగు మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్ళని మిర్రిమిర్రి చూశాడు. ఆయన కోయాల్సిన గోధుమ చేలని, ఇంకో మిషన్ నడిపే టోపీ డ్రైవరు కోసి, సాయంత్రం వచ్చి "బాగా తెగిందిలే అన్నా, ఏమీ ఇబ్బంది కాలేదు" అని ఓదార్చి వెళ్ళాడు. ఆ ఓదార్పు మావయ్య గుండెలో ముల్లులా దిగింది.

తిరిగి చేలోకి వెళ్ళిన వారం తర్వాత నుంచి ఏడో నంబరు అంకె ఎనభై రెండు. ఇవాళా ఎనభై రెండే, రేపూ ఎనభై రెండే.

మొదట అంకెలమ్మ సంతోషించింది. తర్వాత కొంచెం ఆశ్చర్యపోయింది. గట్టు దగ్గర మిషన్ తిప్పేటప్పుడు ఇంజను మీద బరువు తగ్గుతుంది, అంకె పడిపోవాలి. మిగతా పది మిషన్లవీ పడుతూ లేస్తూనే ఉన్నాయి. మావయ్యది మాత్రం గీత గీసినట్టుంది. ఒకరోజు మధ్యాహ్నం ఏదో అడగాలని ఆయనకి ఫోను చేసింది.

"ఏం చేస్తున్నావు మావయ్యా?"

"అన్నం తింటున్నానే. మిషన్ ఆపి పావుగంటైంది. మీ అత్తయ్య ఫ్యాను కావాలంటే కేబిన్లో తాళం ఒక్కటీ తిప్పి ఉంచాను."

ఆమె తెర వైపు చూసింది. ఆగిపోయి పావుగంటైన ఇంజను ఎనభై రెండు బలంతో దర్జాగా లాగేస్తోంది.

ఆ రోజే ఆయిలు డబ్బా ఇచ్చే నెపంతో చేలోకి వెళ్ళింది. మావయ్య, అత్తయ్య మిషన్ నీడలో గోనెపట్టా పరుచుకుని కూర్చున్నారు. అత్తయ్య ఎప్పుడూ అంతే. మంచినీళ్ళ డబ్బా పట్టుకుని వచ్చి, కేబిన్లో పక్క సీటు మీద కూర్చుని సాయంత్రం దాకా కబుర్లు చెప్పేది. ఈమధ్య నెల రోజులు మోకాళ్ళ నొప్పులని రాలేదు, నిన్నటి నుంచే మళ్ళీ వస్తోంది.

"మంచినీళ్ళ డబ్బా పైనుంది, ఎక్కి తెచ్చుకో" అంది అత్తయ్య. అంకెలమ్మ నిచ్చెన మెట్లెక్కి కేబిన్లోకి వెళ్ళింది. ఎదురుగా పాత రేడియో ఉంది. దానికి గొంతు పెంచే గుండీ లేదు, ఆ చోట బొక్క ఉంది. జానెడు పక్కన, రేకుకి కొత్తగా తొలిచిన ఇంకో బొక్కలో ఆ గుండీ కూర్చుని ఉంది. దాని వెనక నుంచి మూడు తీగలు దిగి, సీటు కింద నుంచి పాక్కుంటూ వెళ్ళి, నల్లడబ్బాలోకి దూరాయి. గుండీ పక్కన మేకుతో ఒక గీత గీసి, కింద చిన్న అక్షరాల్లో "ఇక్కడే" అని రాసి ఉంది.

ఆమె గుండీని గోరుతో ఒక్క పిసరు తిప్పి ఫోనులో ఏడో నంబరు అంకె చూసింది. ఎనభై నాలుగు. మళ్ళీ గీత మీదికి తెచ్చింది. ఎనభై రెండు. చున్నీ నోట్లో కుక్కుకుని, పొట్ట పట్టుకుని, నవ్వు అయ్యేదాకా సీటు మీద వంగి కూర్చుంది.

కిందికి దిగి మొహం మామూలుగా పెట్టుకుని అడిగింది. "ఇంజను ఎలా ఉంది మావయ్యా?"

"ఎలా ఉంటుంది? గుర్రంలా ఉంది."

గుర్రం మళ్ళీ బయల్దేరినప్పుడు గొట్టంలోంచి కాటుకలాంటి పొగ వచ్చింది. చేను కాస్త చిక్కబడగానే మూలిగింది. అది చూసేసరికి ఆమె నవ్వు సగం ఆగిపోయింది. ఇంజనుకి జబ్బు నిజంగానే ఉంది, అంకె ఒక్కటే ఆరోగ్యంగా ఉంది.

ఆఫీసుకి తిరిగొస్తూ దారంతా ఆలోచించింది. రిపోర్టుగారికి చెప్పడం తన పని. కానీ చిన్నప్పుడు తన చేతికి మొదటిసారి పానా ఇచ్చి, బోల్టు ఎటు తిప్పాలో నేర్పింది ఈ మనిషే. చెబితే ఈసారి మూడు రోజులతో పోదు, సీటులోంచే దింపేస్తారు. చెప్పకపోతే సీజను మధ్యలో ఇంజను కూర్చుంటుంది. మంచిగా అడిగితే ఒప్పుకునే ఘటమా అంటే, కాదు. చచ్చినా ఒప్పుకోడు. మరి ఆయనంతట ఆయనే ఇంజను బాగుచేసుకునేలా చెయ్యాలంటే ఏం చెయ్యాలి? ఆమెకి ఒక కొంటె ఆలోచన వచ్చింది.

మర్నాడు పొద్దున్నే ఫోను కలిపింది.

"మావయ్యా, శుభవార్త. పదకొండు మిషన్లలో నీదే ఫస్టు. ఒక్కరోజు కూడా ఎనభై రెండు తగ్గలేదు. మేనేజరు గారు తెగ మురిసిపోతున్నారు. ఎల్లుండి పొద్దున డ్రైవర్లందరినీ నీ చేలోకి పంపిస్తారట, నువ్వు ఇంజను ఎలా చూసుకుంటావో చూసి నేర్చుకోవడానికి. దగ్గరుండి ఇంజను తలుపులన్నీ తెరిపించి చూపిస్తారట."

"ఎందుకే అంత శ్రమ వాళ్ళకి" అన్న గొంతు, కోతలు కోసే గొంతులా లేదు.

"శ్రమేముంది మావయ్యా? నీ అంతవాడు ఇంకొకడు లేడని నువ్వే అంటావుగా" అని ఫోను పెట్టేసి కుర్చీలో వెనక్కి వాలింది. మావయ్య బిక్కమొహం ఊహించుకుంటే ఆమెకి కడుపు నిండిపోయింది.

"మంచి ఆలోచన" అన్నారు వెనక నుంచి.

ఆమె చటుక్కున వెనక్కి తిరిగింది. రిపోర్టుగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు, చేతిలో కాగితాల కట్టతో.

"నేను అన్నానని చెప్పావు చూడు, అది నేను అనలేదు. కానీ అనాల్సింది. డ్రైవర్లందరూ చూడాలి. ఎల్లుండి పదింటికి పెట్టు. నేనూ వస్తాను. తర్వాత ప్రతి ఒక్కరూ ఏం నేర్చుకున్నారో రిపోర్టు రాసివ్వాలి" అని చెప్పి వెళ్ళిపోయారు.

అంకెలమ్మ సరదాకి ఆడిన అబద్ధం కాళ్ళు తెచ్చుకుని నడిచి వెళ్ళిపోయింది. ఇప్పుడు మావయ్య ఒక్కడే కాదు, విషయం తెలిసీ నోరు మూసుకున్న తనూ మునిగేలా ఉంది.

సాయంత్రం మావయ్య ఇంటికెళ్ళింది. ఆయన వరండాలో స్టూలు మీద కూర్చుని, కాళ్ళ వేళ్ళని అదేపనిగా చూసుకుంటున్నాడు. అత్తయ్య లోపలుంది.

"గుండీ సంగతి నాకు తెలుసు మావయ్యా" అంది నెమ్మదిగా.

ఆయన తలెత్తి కళ్ళు తేలేశాడు. "ఏ గుండీ?"

"ఇక్కడే అని రాశావే, ఆ గుండీ."

ఆయన చుట్టూ చూశాడు. లోపలికి చూశాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఎలా ఉంది పనితనం?" అన్నాడు.

"సిగ్గు లేదూ నీకు!"

"ఉంది కాబట్టే కదా వందకి పెట్టకుండా ఎనభై రెండుకి పెట్టాను."

ఇద్దరూ నవ్వారు. నవ్వు అయ్యాక ఆమె అసలు సంగతి చెప్పింది. ఫోనులో చెప్పింది ముందు అబద్ధమనీ, తర్వాత నిజమైందనీ. మావయ్య స్టూలు మీద నుంచి లేచి, మళ్ళీ కూర్చుని, మళ్ళీ లేచాడు. "అంటే నువ్వు నన్ను ఏడిపించబోయి ఇద్దర్నీ ముంచావన్నమాట. నా మేనకోడలివి అనిపించుకున్నావు" అన్నాడు. అందులో కోపం ఎంతుందో, గర్వం ఎంతుందో తేల్చడం కష్టం.

మర్నాడు తెల్లవారుతుండగా ఇద్దరూ మిషన్ దగ్గరికి చేరారు. ఆమె షెడ్డు నుంచి కొత్త గాలి ఫిల్టరు, డీజిలు ఫిల్టర్లు, రబ్బరు గొట్టాలు సంచిలో వేసుకుని తెచ్చింది. పాత గాలి ఫిల్టరు తీసి వెలుతురుకి పట్టింది. ఒకవైపు దుమ్ముతో గోడలా పూడుకుపోయింది, ఇంకోవైపు మడతలు చిరిగిపోయాయి.

"దీన్ని ఏం చేశావు?"

"టైరుకేసి రోజూ నాలుగు దెబ్బలు కొట్టేవాణ్ణి. దుమ్ము రాలుతుందని."

"ఫిల్టరుకి బదులు నిన్ను కొట్టాలి."

రేడియేటరు ముందున్న జల్లెడకి పొట్టు దుప్పటిలా పట్టేసింది. చీపురుతో ఊడ్చి, వెనక నుంచి గాలి కొట్టి శుభ్రం చేశారు. డీజిలు ఫిల్టర్లు మార్చారు. ఇంజను నడిపి చూస్తే, పొగ కాస్త తగ్గింది గానీ మూలుగు పోలేదు. ఆమె దీపం పట్టుకుని టర్బో నుంచి వచ్చే గొట్టాన్ని వేళ్ళతో తడుముతూ కిందికి వెళ్ళింది. అడుగున, కంటికి కనపడని చోట నల్లటి జిడ్డు తగిలింది. నొక్కితే నోరు తెరిచింది. బెత్తెడు చీలిక. నెట్టిన గాలంతా ఇంజనుకి చేరకుండా అక్కణ్ణుంచి బయటికి పోతోంది.

"నడుస్తున్నప్పుడు ఇక్కడ్నుంచి ఈల వేసినట్టు వినపడి ఉండాలే, మావయ్యా!"

మావయ్య మొహం అదోలా పెట్టాడు. "నెల్లాళ్ళుగా వినపడుతోందే. ఏదో పిట్ట అనుకున్నాను."

"ఇంజను కడుపులో పిట్టా?"

"చేలో బోలెడు పిట్టలుంటాయి!"

చెవి పెడితే చాలు అని ఇన్నేళ్ళుగా కోసిన కోతలన్నీ గుర్తొచ్చాయేమో, ఆయన తల వంచుకుని బోల్టులు బిగించసాగాడు. కొత్త గొట్టం వేశాక మిషన్ని చేలోకి దించారు. గొట్టంలోంచి పలచటి పొగ తప్ప ఏమీ రాలేదు. చేను చిక్కబడినా ఇంజను గొంతు మారలేదు. మావయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "దీన్ని నెల్లాళ్ళు ఊపిరాడకుండా పరిగెత్తించానన్నమాట" అన్నాడు. ఆమె వినపడనట్టు వేరేవైపు చూసింది.

ఒక్కటే చిక్కు మిగిలింది. గాలి కొలిచే అసలు ప్లగ్గుని మావయ్య పీకినప్పుడు దాని మూతి విరిగిపోయింది. కొత్తది తెప్పించాలంటే రెండు రోజులు. ఇంజను నిజంగా బాగైంది గానీ, అంకె మాత్రం ఇంకా గుండీ చేతిలోనే ఉంది.

"ఒక్క పూటే కదా" అన్నాడు మావయ్య. "గీత మీద పెట్టి ఉంచుదాం. ఎవరూ ముట్టుకోకపోతే సరి."

మర్నాడు పదింటికి చేను గట్టు మీద జాతరలా జనం చేరారు. పదిమంది డ్రైవర్లు, రిపోర్టుగారు. ఆయన చేతిలో పలకంత తెర ఉంది, అందులో ఏడో నంబరు అంకె పెద్దగా కనపడుతోంది. అంకెలమ్మ ఆయన పక్కనే నిలబడింది. మావయ్య ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, ఇంజను తలుపులు తెరిచి చూపించాడు. తళతళలాడుతున్న ఇంజనుని చూసి పొడుగు డ్రైవరు నోరు వెళ్ళబెట్టాడు. టోపీ డ్రైవరు మాత్రం కళ్ళు చిట్లించి చూశాడు.

"ఇక కోసి చూపించు" అన్నారు రిపోర్టుగారు.

మావయ్య కేబిన్లోకి ఎక్కాడు. అప్పుడే నీళ్ళ డబ్బాతో వచ్చిన అత్తయ్య, ఇంత జనం ముందు భర్త పక్కన కూర్చునే అవకాశం వదులుకోకుండా తనూ ఎక్కింది. అంకెలమ్మ వద్దని చెయ్యి ఊపింది. అత్తయ్య నవ్వి, తిరిగి చెయ్యి ఊపింది.

మిషన్ కదిలింది. చిక్కటి గోధుమ చేను నోట్లోకి ధారగా వెళుతోంది. ఇంజను నదురూ బెదురూ లేకుండా లాగుతోంది. తెర మీద ఎనభై రెండు.

"చూశారా?" అన్నారు రిపోర్టుగారు.

తొంభై ఒకటి.

"అబ్బో!" అన్నాడు పొడుగు డ్రైవరు.

నూట పదిహేడు. నూట నలభై.

"వందకి కదా లెక్క?" అని రిపోర్టుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకునేసరికి అంకె ఆరు. ఆరు బలంతో ఏడో నంబరు మిషన్ చేలో ఉరుకుతోంది. తర్వాత అరవై. తర్వాత మూడు. తర్వాత నూట ముప్ఫై ఎనిమిది.

అంకెలమ్మ గట్టు దిగి, కోసిన చేలో మోళ్ళ మీద పడుతూ లేస్తూ మిషన్ పక్కన పరిగెత్తింది. రెండు చేతులూ ఊపుతూ "ఆపు మావయ్యా, ఆపు!" అని అరిచింది. అద్దాల వెనకున్న మావయ్య, మేనకోడలు తనని మెచ్చుకుంటోందనుకుని వేగం పెంచాడు.

మడి చివర మిషన్ ఆగాక, డ్రైవర్లందరూ అక్కడికి చేరారు. కేబిన్ తలుపు తెరుచుకుంది. ముందు అత్తయ్య తల బయటపెట్టింది.

"ఈ రేడియోకి ఏమొచ్చిందండీ? ఎంత తిప్పినా మూగదానిలా కూర్చుంది. అంత జనం వచ్చారు కదా, ఓ రెండు పాటలు పెడదామనుకుంటే!"

మావయ్య మెల్లిగా గుండీ వైపు, అక్కణ్ణుంచి భార్య వేళ్ళ వైపు చూశాడు. ఆయన ఉతికిన చొక్కాలో చిన్నవాడైపోయినట్టు కనిపించాడు.

అంకెలమ్మకి ఇంక దాచాలనిపించలేదు. మావయ్య నోరు తెరిచేలోపే ముందుకొచ్చి, గుండీ సంగతి, తను చూసి కూడా చెప్పని సంగతి, ఆఖరికి నిన్న తెల్లవారుజామున ఇంజను బాగుచేసిన సంగతి, అన్నీ చెప్పేసింది. "తప్పు నాదీ ఉందండీ" అంది.

"ఎందుకు చేశావు?" అని రిపోర్టుగారు మావయ్యని అడిగారు. గొంతు పెంచలేదు. అదే భయంగా ఉంది.

"మూడు రోజులండీ" అన్నాడు మావయ్య. "చిన్న గొట్టం చిరిగినా మూడు రోజులు, పెద్ద ముక్క విరిగినా మూడు రోజులు. నా చేలు ఇంకొకడు కోసి, వచ్చి ఓదారుస్తుంటే... తట్టుకోలేకపోయానండీ."

టోపీ డ్రైవరు టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు. "నేను వేడి కొలిచే దాని మీద తడిగుడ్డ చుడతానండీ" అన్నాడు ఎవరూ అడక్కుండానే. మావయ్య చటుక్కున అతని వైపు తిరిగాడు, తోడబుట్టినవాణ్ణి చూసినట్టు. మిగతా డ్రైవర్లు ఎవరి చెప్పుల్ని వాళ్ళు శ్రద్ధగా పరిశీలించుకున్నారు.

రిపోర్టుగారు అందర్నీ ఒక్కొక్కరినే చూశారు. పెదవి చివర ఏదో వణికింది. నూట నలభై గుర్తొచ్చి ఉంటుంది. కష్టపడి ఆపుకుని, "రిపోర్టు..." అని మొదలుపెట్టి, "వద్దు. ఇది రాస్తే పైవాళ్ళు నమ్మరు" అన్నారు.

మావయ్య చేత ఆ రోజే గుండీ పీకించారు. కొత్త ప్లగ్గు వచ్చేదాకా మిషన్ తోలనివ్వలేదు. అంటే రెండు రోజులు అరుగు మీదే. ఆ రెండు రోజులూ ఆయన పొట్టు ఊడ్చే పని చేశాడు, నోరెత్తకుండా. అంకెలమ్మని మాత్రం సాయంత్రం గదిలోకి పిలిచి, "రేపట్నుంచి నువ్వు ఆ బల్ల దగ్గర కూర్చోవద్దు" అన్నారు. ఆయన బీరువాలోంచి తాళాలు తీసి బల్ల మీద పెట్టారు.

"వ్యాను తీసుకుని చేలల్లో తిరుగు. ఎవరి అంకె దిగినా నువ్వే వెళ్ళి అక్కడికక్కడే చూడు. గంటలో అయ్యే పనికి ఇక మూడు రోజులు పట్టదు. పెద్ద జబ్బైతేనే షెడ్డు. ఈ తెర వ్యానులో పెట్టుకో."

"మరి నాకు శిక్ష?"

"అదే శిక్ష. ఎండలో తిరుగుతావుగా" అన్నారాయన, కాగితాల్లోంచి తలెత్తకుండా.

ఎండ శిక్షే. మొదటి వారానికే మొహం కమిలిపోయింది. కానీ ఇంజను తలుపు తెరిచి చెయ్యి లోపలపెట్టిన ప్రతిసారీ, అంతకాలం ఆ బల్ల దగ్గర ఎలా కూర్చుందో ఆమెకే అర్థమయ్యేది కాదు. టోపీ డ్రైవరు తడిగుడ్డ తనే విప్పి తెచ్చి ఇచ్చాడు. పొడుగు డ్రైవరు ఏం దాచాడో ఎప్పటికీ చెప్పలేదు గానీ, అతని అంకెలు కూడా పడుతూ లేస్తూ మనిషి అంకెల్లా కనపడసాగాయి.

పదిహేను రోజుల తర్వాత ఒక ఉదయం మావయ్య ఫోను చేశాడు. ఆమె తెర చూసింది. ఏడో నంబరు డెబ్బై తొమ్మిది, ఎరుపు ఛాయ కూడా లేదు.

"ఏమైంది మావయ్యా?"

"ఏమీ కాలేదే. డీజిలు పోశాక కొంచెం కుదుపుగా ఉంది. నీళ్ళు కలిసినట్టు అనుమానం. నువ్వోసారి వచ్చి చూస్తావేమోనని."

"అంకె బాగానే ఉందిగా?"

"బాగానే ఉందిలే" అన్నాడాయన. కాస్త ఆగి, "అయినా వచ్చి చూడు. నాకు సరిగ్గా తెలీడం లేదు" అన్నాడు.

ఆ మాట ఆయన నోటి నుంచి ఆమె పుట్టాక వినలేదు. వ్యాను తిప్పి, ఏడో నంబరు చేను వైపు పోనిచ్చింది.